మారతహళ్ళిలో పేరు లేని టైపింగ్ షాపు, మా ఊరి గని కాగితాలు

బెంగళూరులో తెలుగు సరిగ్గా టైప్ చేసి పెట్టే షాపు ఎక్కడుంది అని అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళ కోసం రాస్తున్నాను. మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర దిగి మున్నెకొళాల వైపు నడిచి, పీజీ హాస్టళ్ళు వరసగా ఉండే సందులోకి తిరిగితే, ఒక టిఫిన్ సెంటరుకీ మొబైల్ రిపేరు షాపుకీ మధ్యలో చిన్న గది కనిపిస్తుంది. బోర్డు మీద జెరాక్స్, లామినేషన్, స్పైరల్ బైండింగ్, తెలుగు కన్నడ టైపింగ్ అని రాసి ఉంటుంది. షాపుకి పేరంటూ ఏమీ లేదు. పెళ్ళి కార్డులు, గృహప్రవేశం కార్డులు, రెంటల్ అగ్రిమెంట్లు, మీభూమిలో అడంగల్, 1బి తీసివ్వడం, ఆధార్ అడ్రసు మార్పు, వాళ్ళకి రోజూ ఉండే పని ఇదే. నేను వెళ్ళింది మాత్రం మా ఊరి పక్కన పెడతామంటున్న సున్నపురాయి గని మీద ప్రజాభిప్రాయ సేకరణ ఉందని, దానికి కాగితాలు తయారు చేయించుకోడానికి. మూడు వారాల్లో తొమ్మిది సార్లు వెళ్ళాను. 5కి 4 ఇస్తాను, ఆ ఒకటి ఎందుకు తగ్గించానో కూడా చెప్తాను.

మాది కడప జిల్లా, జమ్మలమడుగు వైపు. నల్లరేగడి భూములు, శనగ, కొంచెం పత్తి, బోర్లు ఉన్నవాళ్ళకి చీనీ (బత్తాయి) తోటలు. మట్టి కింద అంతా రాయే. నాపరాయి క్వారీలు మా చిన్నప్పటి నుంచి ఉన్నాయి, ఎర్రగుంట్ల వైపు పోతే సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి, కాబట్టి గని అనే మాట మాకేం కొత్త కాదు. కానీ ఇంతవరకు అది పక్కూళ్ళ సంగతి. ఈసారి మా చేలని ఆనుకుని వస్తోంది. ఒకరోజు రాత్రి మా నాయన వాట్సాప్‌లో వరసగా ఇరవై రెండు ఫోటోలు పంపాడు, పంచాయతీ ఆఫీసులో ఇచ్చిన గని రిపోర్టు తెలుగు సారాంశం అంట. పంపిన ఐదు నిమిషాలకే ఫోన్ చేశాడు. "పాపా, గని తవ్వకం నీటి బల్లను ఖండించదు అని రాసినారు. నీటి బల్ల అంటే ఏంది?"

నాకూ అర్థం కాలేదు. ఇంగ్లీషు రిపోర్టు కాలుష్య నియంత్రణ మండలి వెబ్‌సైటులో దొరికింది, 400 పేజీలు పైనే ఉంది, అందులో వెతికితే తెలిసింది. వాటర్ టేబుల్ అని ఉంటే టేబుల్‌ని బల్ల చేశారు. భూమిలో నీళ్ళు ఏ లోతులో ఉంటాయో ఆ మట్టాన్ని గని తాకదు అని చెప్పాల్సిన చోట నీటి బల్లను ఖండించదు అని రాసిపెట్టారు. ఇంకో చోట "పరారీ ధూళి నియంత్రించబడును" అని ఉంది, అది ఫ్యుజిటివ్ డస్ట్, అంటే రోడ్ల మీద నుంచి, కుప్పల మీద నుంచి లేచే దుమ్ము. "అధిక భారము నిర్దేశిత స్థలమున వేయబడును" అని ఉంది, అది ఓవర్‌బర్డెన్, రాయి దొరకడానికి ముందు తీసేసే పైమట్టి, పనికిరాని రాయి. మా ఊళ్ళో ఆ కాగితం చదివిన వాళ్ళు ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకున్నారు, ఒకాయన అధిక భారం అంటే పన్నులు పెంచుతారేమో అని అడిగాడంట. నాకు చాలా బాధేసింది. నలభై ఏళ్ళుగా ఆ నేలలో బోర్లు వేయించి, ఎక్కడ ఎన్ని అడుగులకి నీళ్ళు పడతాయో నోటికి చెప్పగలిగే మనుషుల్ని, వాళ్ళ సొంత భాషలోనే ఏమీ తెలియనివాళ్ళలా కూర్చోబెట్టారు.

ఇక్కడ ఒక్క విషయం తెలుసుకోవాలి. 2006 సెప్టెంబరు 14న వచ్చిన పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం కంపెనీ స్థానిక భాషలో ఇవ్వాల్సింది సారాంశం మాత్రమే. పూర్తి డ్రాఫ్ట్ రిపోర్టు ఇంగ్లీషులోనే ఉంటుంది, దాన్ని కలెక్టరాఫీసు, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రం లాంటి చోట్ల ఉంచాలి, ఎవరైనా వెళ్ళి చూసుకోవచ్చు. ప్రజాభిప్రాయ సేకరణ సభకి కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు ఇవ్వాలి. వినడానికి బానే ఉంది. కానీ ఆ 30 రోజుల్లో ఒక రైతు శనగ పని వదిలి కడప పోయి, ఇంగ్లీషులో 400 పేజీలు చదివి, అందులో తన బోరు గురించి ఏముందో కనుక్కోవాలి. 2020లో కొత్త నోటిఫికేషన్ డ్రాఫ్ట్ వచ్చినప్పుడు ఆ గడువు 20 రోజులకి తగ్గిస్తామన్నారు, ఆ డ్రాఫ్ట్ కూడా మొదట ఇంగ్లీషు, హిందీలోనే పెడితే ఢిల్లీ హైకోర్టు జూన్ 30న 22 భాషల్లోకి అనువదించమని చెప్పింది, మన బెంగళూరులో ఉన్న కర్ణాటక హైకోర్టు కూడా ఆగస్టులో తుది నోటిఫికేషన్ ఇవ్వకుండా ఆపింది. కోర్టులు భాష గురించి అంత పట్టుబట్టాయంటే ఊరికే కాదు అని మా నాయన ఫోన్ చేసిన రాత్రి నాకు బాగా తెలిసొచ్చింది.

మొదట ఈ షాపుకి రాలేదు. మా ఆఫీసు దగ్గర అనువాదాలు చేస్తామని బోర్డు పెట్టుకున్న ఒక చోట ఇచ్చాను, రెండు గంటల్లో ఇచ్చేశారు, చూస్తే కంప్యూటర్లో వేసి తీసిన తెలుగు, మళ్ళీ అదే నీటి బల్ల. డబ్బులు పోయాయి, ఒక వారం పోయింది. అప్పుడు మా పీజీలో ఉండే మదనపల్లె అమ్మాయి, తన తమ్ముడి పెళ్ళి కార్డు ఇక్కడ చేయించుకుందంట, ఒక్క అక్షరం తప్పు లేదక్కా అని చెప్పి పంపింది.

ఓనరుది బంగారుపేట వైపు, యాభై ఏళ్ళు దాటి ఉంటాయి. కోలారు జిల్లా తెలుగు, మధ్య మధ్యలో కన్నడ పలుకుతుంది. కాగితాలు ముందు పెట్టి పూర్తిగా తెలుగులోకి మార్చాలన్నా, ఎంతవుతుంది అని అడిగితే ఆయన డబ్బుల మాట ఎత్తలేదు. "ఇదంతా మారిస్తే మీ ఊళ్ళో ఎవురు చదువుతారమ్మా? మీ నాయనకి ఏం భయముందో అది చెప్పు, ఆ పేజీలు తీద్దాం" అన్నాడు. వ్యాపారం చేసుకునే మనిషి 400 పేజీల పని చేతికి వస్తుంటే వద్దన్నాడు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అక్కడే.

నాయనకి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాను. నాయన చెప్పినవి నాలుగు. బోర్లు ఎండిపోతాయా, పేలుళ్ళకి ఇళ్ళు నెర్రెలిస్తాయా, శనగ మీద దుమ్ము పడితే పంట సంగతి ఏంది, లారీలు బడి ముందు నుంచే పోతాయా. ఓనరూ, టైపింగ్ చేసే అక్కా, నేనూ ముగ్గురం కూర్చుని ఈ నాలుగింటికి సంబంధించిన పేజీలు ఏరితే 38 అయ్యాయి. భూగర్భ జలాల అధ్యాయం, పేలుళ్ళ అధ్యాయం, గాలి నాణ్యత, రోడ్డు మ్యాపు, చివర్లో కంపెనీ ఏమేం చేస్తానని ఒప్పుకుందో చెప్పే పర్యావరణ నిర్వహణ ప్రణాళిక. నాలుగు సాయంత్రాలు పట్టింది.

ఆయన పెట్టిన మాటలు చూడండి. వాటర్ టేబుల్‌కి "భూమిలో నీళ్ళు నిలిచే మట్టం". ఓవర్‌బర్డెన్‌కి "పైమట్టి, వేస్టు రాయి". బెంచ్‌కి "మెట్లు", ఎందుకంటే గనిని మెట్లు మెట్లుగా దించుతారు. హాల్ రోడ్డుకి "టిప్పర్ల దారి". బ్లాస్టింగ్‌కి "మందు పెట్టి పేల్చడం", దాని వల్ల వచ్చే వైబ్రేషన్‌కి "నేల అదురు". బఫర్ జోన్ అన్న చోటల్లా "గని చుట్టూ 10 కిలోమీటర్లు" అని విప్పి రాశాడు, అలా రాశాక పక్క మూడు ఊళ్ళ వాళ్ళకి కూడా ఇది తమ విషయమేనని తెలిసింది. ఇవన్నీ ఎలా తెలుసన్నా అని అడిగితే, వాళ్ళ నాయన కేజీఎఫ్‌లో, ఛాంపియన్ రీఫ్ గనిలో పని చేశాడంట. మూడు కిలోమీటర్లకి పైగా లోతు ఉన్న గని అది. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూసేశాక వాళ్ళ కుటుంబం బెంగళూరు వచ్చేసింది. గాలి లేచిందంటే సైనైడ్ దిబ్బల (బంగారం తీశాక మిగిలిన రాతిపొడి కుప్పల) మీద నుంచి తెల్ల దుమ్ము ఇళ్ళలోకి వచ్చి అన్నం గిన్నెల మీద మూతల మీద పేరుకునేదని, గని మూసినా దిబ్బలు ఎక్కడికీ పోలేదని చెప్పాడు. గని అంటే పూర్తిగా చెడ్డది అని మాత్రం ఆయన అనలేదు. "మా నాయన జీతంతోనే మేం చదువుకున్న్యాం" అని కూడా అన్నాడు. రెండూ చెప్పే మనిషి దొరకడం నాకు మంచిదైంది, ఎందుకంటే అప్పటికి నేను కోపంతో ఉన్నాను, కోపంతో రాయించుకునే కాగితం ఎవరికీ పనికిరాదు.

అసలు విషయం బయటపడింది మూడో సాయంత్రం. గుంత చివరికి ఎంత లోతు పోతుందో ఒక పేజీలో ఉంది. చుట్టుపక్కల బోర్లలో, బావుల్లో నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో వాళ్ళే కొలిచి రాసిన పట్టిక ఇంకో పేజీలో ఉంది. రెండింటి మధ్య ముప్పై పేజీల పైన దూరం. అక్క రెండు పేజీలూ ఒకదాని వెనక ఒకటి టైప్ చేస్తూ ఆగిపోయి, "అన్నా, గుంతే లోతుంది కదా, మరి నీళ్ళకి తగలదని ఎట్లా రాసినారు?" అంది. అప్పటిదాకా నేను ఆ రిపోర్టు రెండు సార్లు చదివాను, నాకు కనపడలేదు. పదో తరగతి దాకా చదువుకున్న టైపిస్టుకి కనపడింది. మామూలు తెలుగులో పక్కపక్కన పెట్టేసరికి కనపడింది.

ఇప్పుడు సభ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే షాపు విలువ అక్కడే తెలుస్తుంది. ప్రజాభిప్రాయ సేకరణ అంటే మా ఊళ్ళో అందరూ ఓటింగ్ అనుకున్నారు. ఎక్కువ మంది వద్దంటే గని ఆగిపోతుంది, కాబట్టి జనాన్ని తోలుకుపోవాలి అని ఒక వైపు, కంపెనీ కూడా మనుషుల్ని బస్సుల్లో తెస్తుంది అని ఇంకో వైపు. అది ఓటింగ్ కాదు. ఇంతమంది రావాలనే కోరం కూడా నోటిఫికేషన్‌లో లేదు. కలెక్టరు కానీ అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి కానీ అధ్యక్షత వహిస్తారు, కాలుష్య నియంత్రణ మండలి మనిషి పక్కన ఉంటాడు, అంతా వీడియో తీస్తారు. చెప్పిన ప్రతి అభిప్రాయాన్నీ సభలో జరిగింది రాసే మినిట్స్‌లో ఎక్కించాలి, చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి, అదే రోజు సంతకం కావాలి, లేవనెత్తిన ప్రశ్నలూ వాటికి కంపెనీ జవాబులూ ఒక పట్టికలా తయారు చేసి జతచేయాలి. అంటే రెండు వందల మంది వద్దు వద్దు అని అరిస్తే మినిట్స్‌లో "కొందరు వ్యతిరేకించారు" అని ఒక లైను పడుతుంది. ఒక్క మనిషి నిలబడి ఫలానా పేజీలో గుంత లోతు ఇంత, ఫలానా పేజీలో నీటి మట్టం ఇంత, రెండూ ఎలా కుదురుతాయి అని అడిగి ఆ కాగితం చేతికిస్తే, దానికి రాతపూర్వకంగా జవాబు చెప్పక తప్పదు. మాట నిలవాలంటే కాగితం మీద ఉండాలి, ఆ కాగితం అడిగే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి.

2013లో సుప్రీంకోర్టు చెప్పాక ఒడిశా నియమగిరిలో 12 గ్రామసభలు పెట్టి అడిగారు, 12 కూడా బాక్సైట్ గని వద్దన్నాయి, ఆ గని రాలేదు. అది అటవీ హక్కుల చట్టం కింద ఆదివాసీలకి వచ్చిన అవకాశం. మాలాంటి పట్టా భూముల ఊళ్ళకి ముఖ్యంగా ఉన్నది ఈ సభే. మా పక్క కర్నూలు జిల్లా కప్పట్రాళ్ళలో 2024 చివర్లో యురేనియం కోసం అడవిలో బోర్లు వేస్తారని తెలిసి చుట్టుపక్కల ఊళ్ళ జనం రోడ్డెక్కారు, ఆ ప్రతిపాదన ఆపుతున్నామని అధికారులు చెప్పాల్సి వచ్చింది. మా జిల్లాలోనే వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని నడుస్తోంది, టెయిలింగ్ పాండ్ (గని వ్యర్థాలు వదిలే చెరువు) పక్కన ఊళ్ళ రైతులు బోరు నీళ్ళు పాడయ్యాయని ఏళ్ళ తరబడి చెప్తూనే ఉన్నారు. అందుకే మా వైపు జనానికి నీళ్ళ మాట వస్తే గుండె ఝల్లుమంటుంది. ఇంకోటి, 2025 సెప్టెంబరులో కేంద్రం అణు ఖనిజాలకీ, 2023 చట్ట సవరణలో చేర్చిన 24 కీలక ఖనిజాలకీ ఈ ప్రజాభిప్రాయ సేకరణే అక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. సున్నపురాయి ఆ జాబితాలో లేదు కాబట్టి మాకు సభ దొరికింది. దొరికినప్పుడు సరిగ్గా వాడుకోకపోతే ఎలా?

మా ఊళ్ళో అందరిదీ ఒకే మాట అని నేను చెప్పను, చెప్తే అబద్ధం. బోరూ చీనీ తోటా ఉన్నవాళ్ళు వద్దంటున్నారు. వానకి ఆధారపడిన మెట్ట భూమి ఉండి, పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో స్థిరపడినవాళ్ళు మంచి రేటొస్తే ఇచ్చేద్దామంటున్నారు, వాళ్ళనీ తప్పు పట్టలేను, వరసగా రెండేళ్ళు శనగ పోతే ఎలా ఉంటుందో మా ఇంట్లోనే చూశాను. భూమి లేనివాళ్ళకి కూలి కావాలి. గొర్రెలు మేపుకునేవాళ్ళని మాత్రం ఎవరూ అడగలేదు, వాళ్ళు తిప్పుకునే బీడు మొత్తం లీజు మ్యాపులో "నిరుపయోగ భూమి" అని ఉంది, వాళ్ళకి అదే బతుకు. ఆడవాళ్ళు దుమ్ము గురించి, బడి పిల్లల గురించి మాట్లాడుతున్నారు. మా చిన్నాయన కొడుకు జేసీబీ కొన్నాడు, ఇంకా అప్పు తీరలేదు, వాడికి గని రావాలి. సంక్రాంతికి ఇంట్లో ఒకే చాప మీద కూర్చుని నాయనా వాడూ దీని మీద మాట్లాడుకోకుండా భోంచేశారని అమ్మ చెప్పింది.

ఆ తమ్ముడే ఒక ఆదివారం ఇదే షాపులో నాకు ఎదురొచ్చాడు. మా ఊరి కుర్రాళ్ళు ఇక్కడ బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ వైపు డ్రైవర్లుగా, సెక్యూరిటీగా పని చేసేవాళ్ళు నలుగురితో వచ్చాడు, గని కావాలని అర్జీ టైప్ చేయించడానికి. నాకు లోపల ఒక్కసారి మంట లేచింది, నేను షాపు చూపిస్తే వీడొచ్చి ఇక్కడే రాయించుకుంటాడా అని. ఓనరు నాకెంత ఓపికగా చేశాడో వాళ్ళకీ అంతే ఓపికగా చేశాడు. "ఉద్యోగాలు ఇవ్వాలి అని రాస్తే ఏం లాభమప్పా? ఎన్ని ఉద్యోగాలు, పర్మనెంటా కాంట్రాక్టా, లోకల్ వాళ్ళకి ఎంత, రిపోర్టులో ఏ పేజీలో ఉందో అది రాయండి" అన్నాడు. వాళ్ళు నా దగ్గరున్న కాపీ అడిగారు. ఇచ్చాను. చూస్తే నేరుగా దొరికే ఉద్యోగాలు వాళ్ళు అనుకున్నదాని కంటే చాలా తక్కువ, మిగతావి "పరోక్ష ఉపాధి" అని ఉంది. తమ్ముడు చాలాసేపు ఆ పేజీ పట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళు అర్జీ మార్చుకుని రాయించారు, గని కావాలి కానీ ఉద్యోగాల సంఖ్య రాసివ్వాలి, గనులున్న ఊళ్ళ కోసం పెట్టిన జిల్లా మినరల్ ఫౌండేషన్ డబ్బు మా ఊళ్ళకే ఖర్చు పెట్టాలి అని. వేలంలో ఇచ్చిన గనులకి రాయల్టీకి (తవ్విన రాయికి ప్రభుత్వానికి కట్టే డబ్బు) అదనంగా, అందులో 10 శాతమంత ఆ ఫౌండేషన్‌కి పోతుంది. సున్నపురాయి రాయల్టీ 2014లో పెట్టిన రేటు ప్రకారం టన్నుకి 80 రూపాయలు, అంటే టన్నుకి 8 రూపాయలు. ఓనరు కాలిక్యులేటర్ మీద వేసి చూపించాడు. కొత్త లీజు 50 ఏళ్ళు ఉంటుందన్న సంగతి కూడా ఆ రోజే వాళ్ళకి తెలిసింది. మా నాయనకి ఇప్పుడు 61.

షాపులో లోపాలు చెప్పాలి. ఒకటి, ఇక్కడ తెలుగు ఇంకా పాత అను ఫాంట్లలోనే టైప్ చేస్తారు, ప్రింటు అందంగా వస్తుంది కానీ ఫైలు వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనపడతాయి. అభ్యంతరాలు మెయిల్‌లో కూడా పంపుదామని నేను ఫైలు తీసుకెళ్ళి తెరిస్తే ఒక్క ముక్క చదవలేకపోయాను, మళ్ళీ వచ్చి పీడీఎఫ్ చేయించుకోవాల్సి వచ్చింది, ఒక రోజు వృథా. ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే యూనికోడ్‌లో కావాలని ముందే చెప్తే చేస్తారు, కానీ మనం అడగాలి. రెండు, మా సర్వే నంబర్లలో ఒకటి తారుమారైంది, 214 బదులు 241 పడింది. నేను చూసుకున్నాను కాబట్టి సరిపోయింది, చూసుకోకపోతే నాయన వేరేవాళ్ళ పొలం గురించి అర్జీ ఇచ్చినట్టయ్యేది. అంకెలు మాత్రం దగ్గరుండి ఒకటికి రెండు సార్లు సరిచూసుకోండి, అక్షరాల మీద వాళ్ళకున్న శ్రద్ధ అంకెల మీద లేదు. మూడు, ఒకటే పెద్ద ప్రింటరు, సభకి మూడు రోజుల ముందు మొరాయించింది, చివరి 20 కాపీలు పక్క వీధిలో చేయించుకున్నాను. చెప్పిన టైముకి రెండు రోజులు ఆలస్యమైంది, ఆ రెండు రోజులూ నాకు నిద్ర లేదు, ఎంత టెన్షన్ పడ్డానో. ఒక నక్షత్రం తగ్గించింది వీటికే. బండి పెట్టుకోడానికి చోటు లేదు, ఆటోలో రావడం మేలు.

డబ్బుల సంగతి. మామూలు టైపింగ్ పేజీకి 40, ఇంగ్లీషు నుంచి మార్చి టైప్ చేస్తే పేజీకి 120 తీసుకున్నారు. జెరాక్స్ రెండు వైపులా కలిపి రూపాయిన్నర, 100 కాపీలు దాటితే ఇంకా తగ్గిస్తారు. స్పైరల్ బైండింగ్ 50. నాకు మొత్తం ఎనిమిది వేల చిల్లరైంది, అందులో సగం మా ఊరివాళ్ళు పంచుకున్నారు. మొదట పోయిన వారంలో ఆ కంప్యూటర్ అనువాదానికి నేను ఇచ్చిందీ దాదాపు ఇంతే.

సభ రోజు నేను సెలవు పెట్టి ముందు రాత్రి బస్సెక్కి వెళ్ళాను. బడి పక్కన ఖాళీ స్థలంలో షామియానా, బారికేడ్లు, పోలీసులు, ముందు వరసలో కంపెనీ వాళ్ళు. మొదట కంపెనీ కన్సల్టెంటు ప్రొజెక్టరు మీద చూపించాడు, ఎండకి తెర మీద ఏమీ కనపడలేదు. తర్వాత నాయకులు మాట్లాడారు, కావాలన్న పార్టీ ఒకటి, వద్దన్న పార్టీ ఒకటి, గంటన్నర అలాగే పోయింది. ఆ తర్వాత మా నాయన లేచాడు. మనిషి ఎప్పుడూ మైకు పట్టుకుని ఎరగడు, చేతిలో స్పైరల్ కాపీ వణుకుతోంది, కానీ పేజీ నంబరు చదివి, గుంత లోతు చదివి, ఇంకో పేజీ తిప్పి నీటి మట్టం చదివి, "సార్, ఈ రెండిట్లో ఏది నిజం?" అని అడిగాడు. కూర్చున్నవాళ్ళంతా తమ చేతుల్లో ఉన్న కాపీల్లో అదే పేజీ తిప్పారు, ఆ పేజీలు తిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతోంది. కన్సల్టెంటు ఇంగ్లీషులో ఏదో మొదలుపెడితే అధికారి ఆపి తెలుగులో చెప్పమన్నాడు. తుది రిపోర్టులో సరిచేస్తాం అన్నాడు. అది రాసుకోండి సార్ అని నాయన నిలబడే ఉన్నాడు, రాసుకున్నాక కూర్చున్నాడు.

నాయన తర్వాత ఒకామె పేలుళ్ళ గురించి అడిగింది. గనుల భద్రతా డైరెక్టరేటు 1997లో ఇచ్చిన పరిమితుల ప్రకారం ఇళ్ళ దగ్గర నేల అదురు, తక్కువ ఫ్రీక్వెన్సీ అయితే సెకనుకి 5 మిల్లీమీటర్లు దాటకూడదు, మా ఊళ్ళో మట్టి మిద్దెలూ నాపరాళ్ళు పరిచిన మిద్దెలూ ఉన్నాయి, వాటి దగ్గర మిషను పెట్టి కొలుస్తారా, ఎవరు కొలుస్తారు అని. ఆ అంకె ఆమెకి ఇచ్చింది మేమే, ప్రశ్న మాత్రం ఆమె సొంతం. గొర్రెల కాపరి తాత ఒకాయన కాపీ చేతిలో పట్టుకోలేదు, చదువు రాదు, కానీ మనవడు చదివి వినిపించాడంట, బీడు భూమిని పనికిరాని భూమి అని ఎవరు రాశారో ఒకసారి ఎండాకాలంలో వచ్చి నా వెంట తిరగమనండి అన్నాడు. మా తమ్ముడు కూడా మాట్లాడాడు, ఉద్యోగాల సంఖ్య అడిగాడు, దానికి సూటిగా జవాబు రాలేదు. సాయంత్రం మినిట్స్ చదివినప్పుడు నాయన ప్రశ్నని "నీటి గురించి సందేహం" అని కుదించి చదివారు, మేం లేచి అభ్యంతరం చెప్పాం, రాతకాగితం కూడా ఇచ్చాం కదా అని చూపించాం, పేజీ నంబర్లతో సహా మళ్ళీ రాశారు. అది జరగకపోయుంటే మూడు వారాల కష్టం నాలుగు మాటల్లో పోయేది.

గని వస్తుందో రాదో ఇంకా తేలలేదు, తుది రిపోర్టు రావాలి, నిపుణుల కమిటీ చూడాలి. పోయిన శనివారం మినిట్స్ కాపీ పట్టుకుని షాపుకి వెళ్ళాను, ఆ మూడు పేజీలు లామినేషన్ చేయించడానికి. టైపింగ్ అక్క ముందు నాయన ప్రశ్న ఉన్న లైను వెతికి చదివింది, రెండోసారి గట్టిగా చదివింది, తర్వాతే మిషన్లో పెట్టింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

వెళ్ళేవాళ్ళు కాగితాలు వాట్సాప్ ఫోటోలుగా తీసుకెళ్ళొద్దు, అంకెలు మసగ్గా వస్తాయి, పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ వేసుకెళ్ళండి. ఉదయం పదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర, ఆదివారం మధ్యాహ్నం దాకా. మంగళవారం అక్క రాదు, తెలుగు పని ఉంటే ఆ రోజు వెళ్ళకండి. సభ తేదీ తెలిసిన రోజే వెళ్ళండి, 30 రోజులు చాలా ఉన్నాయనిపిస్తుంది కానీ నాకు చివర్లో ఒక్క రోజు కూడా మిగల్లేదు.